పడవ దూలంతో చేయించిన గడప

బందరులో రేవుకి పోయే కాలవ గట్టున మా ఇల్లు. చుట్టూ కలప అడితీలూ, కోతమిల్లులూ. మా అత్తగారు కాపరానికొచ్చిన రోజుల్లో దుంగలు ఓడల్లో వచ్చేవట. వాటిని తెప్పల్లా తాళ్ళతో కట్టి కాలవలో తోసుకొచ్చేవారు. దుంగని గోతిమీద పడుకోబెట్టి, పైన ఒకడూ గోతిలో ఒకడూ నిలబడి రంపం లాగేవారు. కిందివాడి కళ్ళనిండా పొట్టే. తరవాత కరెంటు రంపాలొచ్చాయి. ఓడలు పోయి లారీలొచ్చాయి. మా ఆయన మిల్లులో కోత పనికి కుదిరింది అప్పుడే. మా వంట ఆ పొట్టు పొయ్యిమీదే సాగింది. ఆరేసిన చీర దులపకుండా ఎప్పుడూ కట్టుకోలేదు.

తొంభైల్లోకి వచ్చేసరికి జనం ఇనప తలుపులు పెట్టించుకోవడం మొదలెట్టారు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తాళం వేసిన మిల్లులోంచి కూడా నాకు రంపం కూత వినబడేది.

"నీకు చెవుడొస్తోంది" అనేవారు మా ఆయన.

"చెవుడైతే వినబడదు కదా!" అనేదాన్ని.

ఒక తుఫాను వెళ్ళాక మిల్లులకి మళ్ళీ కొంత పని తగిలింది. దివిసీమ ఒడ్డున మడచెట్లలో ఇరుక్కున్న పడవల్ని విప్పి, ఆ కలప లారీల్లో తెచ్చారు. అప్పుడే మేము పెంకులు దింపి డాబా వేయిస్తున్నాం. టేకు గడప పెట్టిద్దామన్నారు మా ఆయన. పడవ దూలం చవగ్గా వస్తుంటే టేకెందుకు అన్నాను. నా మాటే నెగ్గింది.

గడప నిలిపాక చూశాను. ఒక చివర గుండ్రటి చెక్కమేకు. చిటికెన వేలంత లావు. ఏమిటని మా ఆయన్ని అడిగాను.

"ముహూర్తం మేకు. పడవ కట్టేటప్పుడు అడుగు దూలానికి బెజ్జం కొట్టి, పడవగల వాడి భార్య చేత అందులో పసుపుకొమ్ము పెట్టిస్తారు. పైన మేకు బిగిస్తారు" అన్నారు.

ఎవరి పడవో, ఏ ఇల్లాలు పెట్టిన కొమ్మో. అయినా డబ్బు పోసి కొన్న చెక్క. ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టాను. ముసురు పట్టిన రోజుల్లో ఆ పసుపు మీద ఉప్పు పూసేది. ఎంత తుడిచినా మళ్ళీ పూసేది.

మా వీధికి చేపలు తెచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఆ తుఫానులో వేటకెళ్ళిన మొగుడూ, పడవా తిరిగి రాలేదు. శవం దొరకలేదు. పుస్తెలు తీసెయ్యమని అత్తింటివాళ్ళు పోరు పెడుతున్నారు.

"పడవ ముక్కన్నా చూపించండి, అప్పుడు తీసేత్తానన్నానండి. ఒక్కళ్ళూ మాట్లాడరు" అని నాతో చెప్పింది.

గడప నిలిపిన నాటికి ఆ అమ్మాయి పుట్టింట్లో ఉంది. తిరిగొచ్చిన రోజు ఎప్పట్లాగే బుట్ట దింపి గుమ్మంలో చతికిలబడింది. "డాబా ఏసేశారేంటండి! ఇంక బేరాలాడకూడదండి మీరు" అంటూ నవ్వింది. నవ్వుతూనే గడప మీద చెయ్యి ఆనించింది. వేళ్ళు జరిగి జరిగి ఆ మేకు దగ్గర ఆగాయి. చూడకుండానే దాని చుట్టూ తడిమింది. నవ్వు ఆగిపోయింది.

"మీదేనా అమ్మాయ్?" అన్నాను.

"కాదండి. మాది ఇంకా లావుంటదండి" అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆ పూట నేనన్న ధరకే చేపలిచ్చి వెళ్ళిపోయింది. అలా ఎన్నడూ ఇవ్వలేదు.

ఎవరు చేరేశారో ఏమో, ఆ వారంలోనే ఆమె మొగుడి అన్న వచ్చాడు. చెప్పులు విడిచి, గడప వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అక్కగారూ, ఈ చెక్క ఎక్కడిదండి?"

నిజం చెబితే ఆ సాయంత్రమే ఆ పిల్ల మెడ బోసిపోతుంది.

"మా అత్తగారి నాటి టేకు. ఓడలో వచ్చింది" అన్నాను.

"టేకులా లేదండే!"

"కోతమిల్లు వాడి పెళ్ళాన్ని. నాకే చెబుతావా?"

అతను వంగి చెయ్యి చాచాడు. "ముట్టుకోకు, పసుపు ఆరలేదు" అన్నాను. పొద్దున రాసిన పసుపు ఎప్పుడో ఆరింది. అతను కాసేపు నా మొహం చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు "రొయ్యలండీ" అని ఆ అమ్మాయి కేక. బయటికొచ్చాను. మొహాన బొట్టుంది, మెడలో పుస్తెలున్నాయి. కూర్చోమన్నాను. కూర్చోలేదు. గుమ్మానికి దూరంగా, గడప వంక చూడకుండా, ఎండలో నిలబడే తూచింది.