చేతికందని నాగావళి

మొన్న మా మనవరాలు బడిలో ఇచ్చిన ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని చదువుతూంటే, నాగావళి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో చూపించమన్నాను. రెండు వేళ్లతో అద్దాన్ని సాగదీసింది; ఏరు పెద్దదై, ఇంకా పెద్దదై, తెరంతా ఒట్టి నీలంరంగు మిగిలింది. "ఇందాక ఉన్నాది తాతా, ఎటెల్లిపోనాదో" అని నవ్వింది. శ్రీకాకుళంలో ఏటికి నాలుగు వీధుల దూరంలో పెరిగిన పిల్ల! జిడ్డు వేలిముద్రలు నిండిన ఆ అద్దాన్ని చూస్తే రోత పుట్టింది. నిజం చెప్పాలంటే ఆ రోత సగం నా మీదే.

మీలో నా ఈడు మేస్టర్లకు గుర్తుండే ఉంటుంది, మన పాఠాలకి బరువూ వాసనా ఉండేవి. పొందూరు దగ్గరి బడిలో నా ఉద్యోగం చివరి ఏళ్లలో, పిల్లలూ నేనూ కలిసి పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో రుబ్బి, చెక్క మీద నాగావళి పారే మన రెండు జిల్లాల పటం మెత్తాం. కొండలు వేలికి గుచ్చుకునేవి, ఏరు పల్లంగా తగిలేది. చూపు సరిగా ఆనక, నల్లబల్ల మీది అక్షరం కనపడక వెనకబడిపోయిన ఒక నేతవారి పిల్ల, ఆ పల్లంలో వేలు పెట్టి ఒడిశా కొండల నుంచి సముద్రం దాకా ఊళ్లన్నీ వరసగా చెప్పేసేది.

ఆ ఏడే బడికి డిజిటల్ బోర్డు వచ్చింది. గోడ మీద చోటు చాలక పటాన్ని వరండాలో పడేయించింది నేనే. తనిఖీవాళ్లు వచ్చినరోజు, మురిపించాలని, బోర్డు మీది పటంలో నాగావళిని చూపించమని ఆ పిల్లనే పిలిచాను. అలవాటుగా అరచెయ్యి ఆనించి తడిమింది; తాకినచోటల్లా బొమ్మ మారిపోతూంటే తరగతి గొల్లుమంది. "అంతా ఒక్కలాగే ఉన్నాది మేస్టారూ, ఏరేదో తెల్డం లేదు" అంది. అందరి ముందూ కసురుకుని కూచోబెట్టాను.

నాలుగు రోజులకి సిగ్గేసి వరండాలోకి వెళితే, జల్లుకి తడిసి పటం ముద్దయిపోయి పురుగు పట్టింది. మళ్లీ చేయొచ్చు, చేయలేదు. తనిఖీవాళ్లు నన్ను మెచ్చుకుని వెళ్లారు మరి. ఆ పిల్ల మళ్లీ ఏ ప్రశ్నకీ లేవలేదు, పదో తరగతి తప్పి బడి మానేసింది. వాళ్లింటికి వెళ్లి, మళ్లీ బడికి రమ్మని బతిమాలితే, రాట్నం మీంచి తల ఎత్తకుండానే, "ఆ అద్దం నాకేటి సెప్తాది మేస్టారూ" అంది.

ఆ పటం మెత్తే రోజుల్లో పాఠమయ్యాక పిల్లలంతా బోరింగు దగ్గర వరస కట్టి చేతులు తోముకునేవారు. గోళ్లలో ఇరుక్కున్న గుజ్జు ఇళ్లదాకా పోయేదని తల్లులు నన్ను తిట్టుకునేవారు. ఇప్పుడు చదువైపోయాక చెయ్యి కడుక్కునే పని ఏ పిల్లకీ లేదు.