చెప్పులు కూర్చున్న గడులు

మెట్రో ఎల్బీనగర్ చేరుతుంటే నేను ఫోను పక్కన పెట్టి కిందికి చూస్తాను. రోడ్డు కనిపించదు, బండ్లే కనిపిస్తాయి. ఆ బండ్ల కింద ఒకప్పుడు మేము సుద్దముక్కలతో గీసిన ఖోఖో కోర్టు ఉంది. అది ఎప్పుడో చెరిగిపోయిందని నాకూ తెలుసు. అయినా చూస్తాను.

మా క్లబ్‌కు ఒక బోర్డు కూడా లేదు. కొత్తపేట రైతుబజారు వెనక ఎవరిదో ఖాళీ ప్లాటు, రెండు కొయ్య స్తంభాలు, ఒక అక్క. అక్క సిటీ బస్సులో కండక్టర్. చిన్నప్పుడు జిల్లా తరఫున ఆడిందట. పొద్దున డ్యూటీ ఉంటే సాయంత్రం, సాయంత్రం డ్యూటీ ఉంటే పొద్దున మా అందరికీ ఊరికే ఆట నేర్పేది. మొదలుపెట్టడానికి "రైట్ రైట్" అనేది, ఆపడానికి "హోల్డాన్" అనేది. లోకమంతా ఈలకు ఆడితే మేము బస్సులా ఆడేవాళ్లం.

ఖోఖో చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. రెండు స్తంభాల మధ్య ఒక గీత, గీత మీద ఎనిమిది గడులు. గడికొకరు చొప్పున, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదో పిల్ల ఎదుటి జట్టును తరుముతుంది. తరుముతూ తరుముతూ కూర్చున్న ఒకరి వీపు తట్టి "ఖో" అంటుంది. తట్టించుకున్న పిల్ల లేచి పరుగెత్తాలి, తట్టిన పిల్ల ఆ గడిలో కూర్చోవాలి. లేచి పరుగెత్తేవాళ్లు వెనక్కి తిరగకూడదు, తిరిగితే ఫౌల్.

నాకు పరుగుకన్నా ఆ కూర్చోవడమే ఇష్టం. వెనక ఏం జరుగుతోందో కనపడదు. అడుగుల చప్పుడు, ఎవరిదో రొప్పు, నీళ్లు చల్లిన మట్టి వాసన, ఎదురుగా గోడ మీద కరిగిపోతున్న ఎండ. ఇప్పుడో, ఇంకాసేపటికో వీపు మీద ఒక చెయ్యి పడుతుంది. ఆ ఎదురుచూపులో కళ్లు తెరుచుకునే నిద్రపోయినట్టు ఉండేది. ఒకటి రెండుసార్లు నిజంగానే పోయాను, అక్కతో తిట్లు కూడా తిన్నాను.

నేను చేరినప్పుడు గడులు నిండి ఇంకా పిల్లలు మిగిలేవారు. తర్వాత ఒక్కొక్కరే మాయమయ్యారు. తొమ్మిదో తరగతికి వస్తే చాలు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లు మింగేసేవి. ఆ బిల్డింగుల మెట్ల మీద కూడా పిల్లలు కూర్చుని లెక్కలు చేసుకునేవారు. వాటి గోడల మీద ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలు చూస్తే నాకు ఒళ్లుమంట. ఇప్పటికీ తగ్గలేదు. చిన్నపిల్లల్నైనా పంపమని అక్క ఇల్లిల్లూ తిరిగింది.

"ఆటాడితే ఏమొస్తది?" అని అడిగేవారు తల్లులు.

"చెమట ఒస్తది" అనేది అక్క.

ఖాళీ అయిన గడుల్లో అక్క చెప్పులు పెట్టింది. బస్సెక్కే తొక్కిసలాటలో జనం పోగొట్టుకున్న చెప్పులవి, అన్నీ ఒంటివే. ఒక గడిలో హవాయి చెప్పు, ఇంకోదాంట్లో ఎవరిదో పెళ్లికూతురిదిలా తళుకుల చెప్పు. వాటిని కూడా ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి పెట్టేది. పరుగెత్తి, వంగి, చెప్పును తట్టి, గట్టిగా ఖో అనాలి. చెప్పు లేవదు కాబట్టి దాని మూతి ఎటుంటే అటు మనమే పరుగెత్తాలి. దారిన పోయేవాళ్లు ఆగి మరీ నవ్వేవారు.

"నవ్వనియ్యి. గడి మాత్రం ఖాళీ ఉండొద్దు. ఖాళీ చూసుడు అలవాటైందంటే ఆట పోతది" అనేది అక్క.

నా పక్క గడి నా స్నేహితురాలిది. మాది నల్లగొండ పక్క పల్లె, మా బాపు ఆటో నడిపేవాడు. వాళ్లది కోస్తా, వాళ్ల నాన్న కోచింగ్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. ఆమె "ఎలా" అంటే నేను వెక్కిరించేదాన్ని, నా "ఎట్ల"ను ఆమె ఊరంతా తిప్పేది. మాలో అందరికన్నా వేగం ఆమెదే. నాకన్నా ఒక క్లాసు పైన చదివేది. తొమ్మిదికి రాగానే వాళ్ల నాన్న ఆట మాన్పించారు. ఆమె గడిలోకి ఒక నల్ల లెదరు చెప్పు వచ్చింది. ఆ చెప్పంటే నాకు పరమ అసహ్యం. ఒక్కసారి, చెప్పుల్లేని వరసలో కూర్చోవాలి. దేవుణ్ణి నేను అడిగిన కోరిక అదొక్కటే. అక్కకు ఆ ఆశ నాకన్నా ఎక్కువ. ప్లాటు ఓనరు అపార్ట్‌మెంటు కట్టబోతున్నాడు, స్తంభాలు పీకేలోపు ఒక్క నిండు ఆట చూడాలని ఆమె కోరిక.

అప్పుడే తెలంగాణ ఉద్యమం మా రోడ్డు మీదికి వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, అక్క కూడా సమ్మెలో ఉంది. విజయవాడ రోడ్డు మీద జనం పొయ్యిలు పెట్టి వండుకున్నారు, బతుకమ్మ ఆడారు. ఒకరోజు బంద్‌లో రోడ్డు మీద ఖోఖో ఆడించమని ఉద్యమంలో ఉన్నవాళ్లు అక్కను అడిగారు. అక్క ముఖం ఎందుకంత వెలిగిందో నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. బంద్ రోజు కోచింగ్‌లు కూడా బంద్.

ఆ పొద్దున ఆట మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి తలుపులు తట్టాం. కళ్లద్దాలు వచ్చినవాళ్లు, పొడుగు సాగినవాళ్లు, పాత లాగులు పట్టక చున్నీ నడుముకు బిగించినవాళ్లు, ఒక్కొక్కరే వచ్చారు.

అంత రోడ్డు అంత ఖాళీగా నేను మళ్లీ చూడలేదు. హారన్లు లేని గాలిలో పిచ్చుకలు వినపడ్డాయి. అంత దూరంలోని కర్మన్‌ఘాట్ గుడి గంట వినపడుతోందని మా అమ్మ అంటే అందరూ నవ్వారు. నాకూ వినపడింది, నేను పైకి అనలేదు. పొయ్యిల పొగ డివైడర్ మీదుగా మెల్లగా సాగిపోతోంది. వెచ్చటి తారు మీద వట్టి పాదాలతో నడుస్తుంటే ఇది మా రోడ్డేనా, కలలో రోడ్డా అనిపించింది.

ఎదురుజట్టుకు రైతుబజారులో కూరగాయలమ్మే ఆడవాళ్లు కొంగులు బిగించారు. మా ఏడు గడులు నిండాయి. ఎనిమిదోదాంట్లో అక్క సంచిలోంచి తీసి ఆ నల్ల చెప్పు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. పైగా తారులో స్తంభాలు పాతలేం. అక్క ఒక చివర మా బాపును నిలబెట్టింది, రెండో చివరకు కదలకుండా నిలబడే మనిషి దొరకలేదు.

అప్పుడొచ్చింది నా స్నేహితురాలు, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని. గొడవలవుతాయేమోనని కోస్తా వాళ్లంతా ఇళ్లలోనే ఉన్న రోజులవి. ఆయన ముఖంలో కూడా ఆ బెదురు ఉంది.

"పొద్దుట్నుంచి ఒకటే గోలండీ. పది నిమిషాలు ఆడించి తీసుకెళ్లిపోతాను" అన్నారు.

"మంచిగైంది సార్. జర గీడ నిలబడుండ్రి. కదలొద్దు. మీరు ఇప్పుడు స్తంభం" అంది అక్క.

ఆయన చేతులు కట్టుకుని నిలబడిపోయారు. అక్క ఎనిమిదో గడిలోంచి చెప్పు తీసి సంచిలో వేసుకుంది. నా స్నేహితురాలు వచ్చి అక్కడ కూర్చుంది. నేను వరస అటూ ఇటూ చూశాను. అన్నీ మనుషులే.

"రైట్ రైట్!"

స్తంభం దగ్గర మలుపు తిరిగేటప్పుడు ప్రతి పిల్లా ఆయన చొక్కా పట్టుకుని తిరిగింది. చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చింది, జేబులో పెన్ను కింద పడింది. కదలకూడదు కాబట్టి ఆయన వంగి తీసుకోలేదు. "స్తంభం సారూ, జర నవ్వుండ్రి" అని ఎవరో అరిస్తే నిజంగానే నవ్వారు. నేను ఎదురుగా ఖాళీ రోడ్డును చూస్తూ కూర్చున్నాను. వీపు మీద చెయ్యి పడింది. చూడకుండానే తెలిసింది ఎవరి చెయ్యో. "ఖో!" లేచి పరుగెత్తాను, ఏడుస్తూ, నవ్వుతూ. అంత సంతోషం తర్వాత ఏ ర్యాంకు రోజునా నాకు కలగలేదు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఎండ వాలిపోయినా అక్క హోల్డాన్ అనలేదు.

మర్నాటి నుంచి కోచింగ్‌లు తెరిచారు. కొన్నాళ్లకు ప్లాటులో పునాదులు తవ్వారు. అక్క బడంగ్‌పేట్ వైపు ఇంకో ఖాళీ జాగా వెతికింది. అక్కడికి వెళ్లింది నేనొక్కదాన్నే. వరసలో ఒకదాన్ని నేను, మిగతావన్నీ చెప్పులు. అయినా రోజూ ఆడాం.

తర్వాతి వేసవికి మా బాపు నన్నూ కోచింగ్‌లో చేర్చాడు. అక్కకు చెప్పే ధైర్యం లేక చెప్పలేదు. మొదటిరోజు ఎక్కిన బస్సులో కండక్టర్ తనే. కిటికీ వైపు ముఖం తిప్పి కూర్చున్నాను. ఒళ్లో కోచింగ్ వాళ్లిచ్చిన కొత్త బ్యాగు, దాని మీద అంత లావు అక్షరాల్లో వాళ్ల పేరు. అక్క టికెట్ ఇచ్చింది, బ్యాగు చూసింది, ముందుకు వెళ్లిపోయింది. బస్సు కొత్తపేట దాటింది. బయట చూస్తున్నాను గాని ఏమీ కనపడలేదు.

దిల్‌సుఖ్‌నగర్ స్టాపు వస్తుండగా వీపు మీద చెయ్యి పడింది.

"ఖో" అంది అక్క, నాకొక్కదానికే వినపడేలా.

లేచాను. అక్క నా సీట్లో కూర్చుంది. దిగి రెండడుగులు వేసి, ఆగలేక వెనక్కి తిరిగాను. కిటికీలోంచి అక్క నన్నే చూస్తోంది.

"ఫౌల్" అంది.

ఆ తర్వాత కూర్చున్న చోటి నుంచే, బస్సంతా వినపడేలా, "రైట్ రైట్" అని అరిచింది.