గూళ్ల మాల

ఒక మాట ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. అది నా మాట కూడా కాదు. ఒకాయన మరొకరికి చెప్పమని నాకు అప్పగించింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పెనుకొండలో డిగ్రీ చదివేటప్పుడు మహబూబ్ నా పక్కన కూర్చునేవాడు. వాళ్ల నాయనది హిందూపురంలో పట్టుగూళ్ల వ్యాపారం. పురుగు రెక్కలొచ్చి చిల్లు చేసుకుని పోయిన గూడు దారం తీయడానికి పనికిరాదు, పారేస్తారు. మహబూబ్ వాటిని ఏరి, రంగులద్ది, మాలలు గుచ్చేవాడు. వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు చెయ్యెత్తండని క్లాసులో అడిగితే ముందు లేచే చెయ్యి నాది. వాడు ఎన్నడూ ఎత్తలేదు.

ఒకసారి నేను ధర్మవరంలో మా ఇంటికి వెళ్తుంటే ఒక మాల ఇచ్చి, మా వీధిలోని చీరల అంగడాయనకు చూపించమన్నాడు. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. పెళ్లి చీరలు కొనేవాళ్లకు పూలమాల బదులు ఇదే వేస్తానని, ఆ పిల్లవాణ్ణి వెంటనే పంపమని అన్నాడు.

తిరిగొచ్చేసరికి మహబూబ్ కాలేజీ గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏమప్పా, ఏమన్న్యాడు?"

"ఇట్లాటివి ఎవురూ కొనరన్న్యాడు."

"పోనీలేప్పా. నా కోసరం ఆడికి పోయి అడిగినావు, అదే చాలు."

ఎందుకలా చెప్పాను? అసూయ అని చాలాకాలం సరిపెట్టుకున్నాను. కానీ ఆ మాలల మీద గానీ, వాటితో వచ్చే లాభం మీద గానీ నాకు ఆశ లేదే! మరి ఏమిటి? తవ్వుకుంటూ పోతే ఇది దొరికింది: నాకు కావలసింది వ్యాపారం కాదు, ఎప్పటికైనా వ్యాపారం పెట్టేవాడన్న పేరు. చెయ్యెత్తనివాడు నిజంగా మొదలుపెట్టేస్తే, ఎత్తిన నా చెయ్యి ఉత్తదని అందరికీ తెలిసిపోతుందని భయపడ్డాను. అంతేనా? ఇంకా ఏదో ఉందేమో. ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

మహబూబ్ మళ్లీ మాల గుచ్చలేదు. ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్తాడు. నేనేమో హిందూపురంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, వ్యాపారం చేయాలన్న కోరిక మనిషిలో ఎలా పుడుతుందో. మొన్న ఒకమ్మాయి, అది ఎలా చచ్చిపోతుంది సార్ అని అడిగింది. పెట్టుబడి లేక, ఇంట్లోవాళ్లు ఒప్పుకోక అన్నాను. రాసుకుంది.

ఎప్పుడు కనబడినా మహబూబ్ తన పిల్లల్ని పిలిచి, తన కోసం ధర్మవరం దాకా పోయి అడిగొచ్చిన దోస్తు ఈయనేనని చెబుతాడు. నేను నవ్వుతాను.

ఆయన నిన్ను పంపమన్నాడు, మహబూబ్. వాడితో అనలేకపోయాను. మీతో అన్నాను.