వాసనలు చెప్పే నాయనమ్మ

ఆఫీసులో నా బల్ల సొరుగు తెరిస్తే మొదట కనిపించేది ముక్కులో కొట్టుకునే స్ప్రే సీసా, దాని వెనక తలనొప్పి మాత్రలు, ఉతికి మడతపెట్టిన నాలుగు చేతిరుమాళ్లు. హైటెక్ సిటీ ఏసీ గదుల్లో పదేళ్లుగా ఇదే నా సంసారం. సైనస్ మనిషిని మంచాన పడెయ్యదు, అలాగని హాయిగా తిరగనివ్వదు. జ్వరమొస్తే నలుగురూ పలకరిస్తారు గానీ ముక్కుదిబ్బడకు జాలిపడేదెవరు?

మా గోపన్‌పల్లి సిటీలో కలవక, ఇంకా ఊరుగా ఉన్నప్పుడే నాకిది పట్టుకుంది. వానలు మొదలైతే చాలు, కళ్ల కింద బరువు, నుదుటి మీద పోటు, బడిలో చీమిడిముక్కని పేరు. బతుకమ్మ రోజుల్లో వాకిలినిండా తంగేడు, గునుగు పూలు కుప్పపోసి, లోపల మలీద ముద్దలకు రొట్టెల పొడిలో బెల్లం, నెయ్యి కలుపుతుంటే, పిల్లలంతా ముక్కులెగబీల్చి "అబ్బ" అనేవాళ్లు. నేనూ అనేదాన్ని, వాళ్లకంటే గట్టిగా. నిజానికి నాకు ఏ వాసనా వచ్చేది కాదు. ఆ సంగతి తెలిస్తే పనికిరాని పిల్ల కింద జమకడతారని లోలోపల వణుకు.

ఒకసారి అమ్మ పొయ్యి మీద పల్లీలు వేసి, చూస్తుండమని నాకు చెప్పి, పూల కోసం గల్లీ చివరికి వెళ్లింది. నేను పొయ్యికి వీపు పెట్టి పుస్తకంలో మునిగిపోయాను. గల్లీలోనే మాడు వాసన పసిగట్టి అమ్మ పరుగున వచ్చింది.

"ఇల్లంత మాడు కొడుతుంటే నీ ముక్కు యాడ వెట్టినవే?"

"సూస్కోలే" అన్నాను. వాసన రాదని చెప్పడం కన్నా సోమరిపోతుననిపించుకోవడమే నయమనిపించింది. వీపు మీద రెండు పడ్డాయి కూడా.

ఆ సాయంత్రం నాయనమ్మ వావిలాకు వేసి నీళ్లు కాచింది. పిల్లల్ని ఒంటరిగా ఆవిరికి కూర్చోబెట్టకూడదని ఆమె పట్టింపు. తనకు జలుబు లేకపోయినా ఎప్పుడూ నాతోపాటే దుప్పట్లో దూరేది. చెమటకూ కన్నీళ్లకూ తేడా తెలియని ఆ ఉక్కలో మెల్లగా అడిగింది.

"బిడ్డా, నీకు వాసన వస్తనే లేదు గదా?"

వెక్కివెక్కి ఏడ్చాను.

"ముక్కు ఖరాబైతే మనిషి ఖరాబైతదా? ఫికర్ జెయ్యకు. ఏది ఎట్లుంటదో నేను జెప్త గద."

అన్నట్టే చెప్పేది. మల్లెపూలంటే ఎండలోంచి వచ్చి కుండనీళ్లు తాగినట్టట. చేపల పులుసంటే పక్కింటి ఆలుమగలు కొట్లాడుకున్నట్టట, గల్లీ మొత్తానికి తెలిసిపోతుందట. నాకు నవ్వొచ్చేది, దిగులు ఎటుపోయేదో. నాకు వాసన రాదన్న సంగతి అమ్మకు కూడా ఆమే చెప్పింది. మర్నాడు అమ్మ నా జడ విప్పి రెండుసార్లు దువ్వింది.

నాయనమ్మ పోయిననాడు ఇంటినిండా అగరొత్తుల పొగ. అందరూ ఏడుస్తుంటే ఆ పొగలో నిలబడి, ఇది ఎట్లుంటుందో ఇక నాకెవరు చెబుతారని ఏడ్చాను.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, వావిలి పొద ఉన్నచోట అపార్ట్‌మెంటు గేటు. నా ముక్కు మందులతో కొన్నాళ్లు తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. మూసుకున్నన్నాళ్లూ మనసు కూడా దిగాలుగానే ఉంటుంది. కానీ అబద్ధం చెప్పడం మానేశాను. క్యాంటీన్లో ఎవరైనా బిర్యానీ మూత తీసి "వాసన అదిరింది కదండీ" అంటే, "నాకు రాదండీ, ఎట్లుందో చెప్పండి" అని అడుగుతాను. నవ్వి ఊరుకుంటారు. ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.