ఒక డబ్బా, ఒక మనిషి

మా చాల్‌లో పొద్దున్నే లైన్లో మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. కామాటిపురాలో గదికో కుటుంబం ఉండే మా అంతస్తు మొత్తానికీ, గదుల ముందున్న గ్యాలరీ చివర ఉన్నవి రెండే మరుగుదొడ్లు. మేం సండాస్‌లంటాం. వాటిలో ఒకదానికి గడియ పడదు, లోపలున్నవాళ్ళు తలుపు పట్టుకుని దగ్గుతూ కూర్చోవాలి. అందుకని ఇంటికొకరు ముందుగా లేచి, డబ్బాలో నీళ్ళు పోసి వరసలో పెట్టి, మళ్ళీ వెళ్ళి పడుకుంటారు. నూనె డబ్బా, రంగు డబ్బా, పిడి ఊడిన మగ్గు, ఏదైనా సరే. వరస కదిలినప్పుడల్లా అక్కడున్నవాళ్ళు డబ్బాలను కాలితో ముందుకు జరుపుతారు. ఎవరిదని అడగరు. తలుపు దగ్గరికి చేరాక ఒక కేక వేస్తే, డబ్బా గల మనిషి కళ్ళు నులుముకుంటూ వస్తాడు.

నాకు బీజగణితం రాకపోవడానికి కారణం ఈ డబ్బాలే. వచ్చిందీ వీటి వల్లే. నవ్వేవాళ్ళు నవ్వండి.

మా ఇంటి డబ్బా నీలం రంగుది. దాన్ని పెట్టేది అవ్వ, అంటే మా నాయిన తల్లి. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఇటుకలు మోయడానికి వచ్చి ఇక్కడే ముసలిదయింది. నోరు మాత్రం ముసలిది కాలేదు. ఆమె లెక్కలో ఒక డబ్బా అంటే ఒక ఇల్లు. నీలం డబ్బా తలుపు దగ్గరికి రాగానే మొదట తాత, తాత బయటికి రాగానే నాయిన, ఆయన వెనక అన్న. నేను చిట్టచివర. పెద్దవాళ్ళను ఏమీ అనలేక దాచుకున్న కోపమంతా వెనకున్నవాళ్ళు నా మీద తీర్చుకునేవాళ్ళు. "ఏయ్ పోరీ, చల్ పీఛే!" అని చివరికి తరిమేవాళ్ళు. నేనూ ఊరుకునే రకం కాదు, నాలుగు మాటలు అనే వెళ్ళేదాన్ని. అప్పటికి అవ్వ లోపల చాయ్ గిన్నెతో కుస్తీ పడుతుండేది, ఆమెకు ఇదంతా తెలియదు. అలా నేను గ్రాంట్ రోడ్ దిక్కున్న మా బడికి చేరేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోయేది. మొదటి పీరియడ్ ఏమిటో చెప్పాలా? బీజగణితమే.

తొమ్మిదో తరగతిలో ఎక్స్ ఎందుకొచ్చిందో సార్ చెప్పే ముక్క ఒక్కనాడూ నా చెవిన పడలేదు. నేను వెళ్ళేటప్పటికి అది బోర్డంతా పాకి ఉండేది. అర్ధ సంవత్సరం పరీక్షలో తప్పాను. నాయిన తిట్టలేదు, అందుకే భయం వేసింది. అన్నం కలుపుకుంటూ మామూలుగా అన్నాడు, "ఇంకోపారి ఫెయిలైతే బడి బంద్. ధారావిల మీ అత్త దుకాణంల కాజాలు కుట్టు." మేనత్తది జాకెట్లు కుట్టే దుకాణం. ఆమె బంగారం లాంటి మనిషే. కానీ జీవితమంతా గుండీకి కన్నం కుట్టడమనే ఊహకే నాకు ఏడుపొచ్చింది. నాకు బడి కావాలి, అంతే.

ఒకరోజు సార్ బోర్డు మీద ఎక్స్ ప్లస్ ఎక్స్ ఈక్వల్స్ పది అని రాసి నన్ను లేపాడు. నేను ధైర్యంగా వెళ్ళి మొదటి ఎక్స్ కింద ఏడు, రెండో ఎక్స్ కింద మూడు వేశాను.

"రెండూ ఎక్సే గదమ్మా. ఒకటి ఏడు, ఇంకోటి మూడు ఎట్లయితది?"

"ఎందుకు కాదు సార్? ఒకపారి ఒకరొస్తరు, ఇంకోపారి ఇంకొకరొస్తరు."

"ఎవరొస్తరు?"

"ఎవరన్న, ఇంట్లోల్లు."

క్లాసు గొల్లుమంది. మా పక్క గదిలో, అంటే పక్క ఖోలీలో ఉండే అత్త కొడుకు నా క్లాసే, వాడు బెంచీ గుద్ది మరీ నవ్వాడు. సార్ కూడా తెలుగువాడే, నవ్వు ఆపుకుని అన్నాడు. "తప్పినోళ్లంత ఎక్స్ అంటే ఏందో మీ సొంత మాటల్ల ఒక పేజీ రాసుకొని రాండ్రి. సమజైనట్టు రాస్తే మార్కులు కలుపుత."

మర్నాడు పొద్దున, తాత, నాయిన అయిపోయి అన్న లోపలికి వెళ్ళబోతుంటే పక్క ఖోలీ అత్త తలుపుకు అడ్డం నిలబడింది. ఆమె కేకకు అవ్వ బయటికి వచ్చింది.

"ఏందత్తా ఇది? ఒక్క డబ్బా పెట్టి ఖాందాన్‌నంత దింపుతరా? ఒక డబ్బా అంటే ఒక మనిషి!"

"నా డబ్బా, నా ఇష్టం."

"డబ్బా నీదే, నంబర్ అందరిది! ముందుగాల ఎవరొస్తే ఆ డబ్బా ఆల్లదే. ఇంకోడు రావాల్నంటే ఇంకో డబ్బా పెట్టు!"

"నీ నోట్లె మన్నువడ! కడుపునొప్పికి గూడ లెక్కలుంటయానే?"

ఉంటాయి అవ్వా, ఉంటాయి! నేను మగ్గు పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయాను. సార్ మొత్తుకునేది ఇదే కదా. ఒక లెక్కలో ఎక్స్ అయిదయితే, ఎన్నిసార్లు కనబడినా అయిదే. నేనేమో దాన్ని మా నీలం డబ్బా అనుకుని ఇల్లంతా దింపుతున్నాను. నాకు నవ్వాగలేదు. నా వెనకామె నాకేదో గాలి సోకిందనుకుని రెండడుగులు దూరం జరిగింది.

సాయంత్రం, కింద ఫోరస్ రోడ్ మీద హారన్లు మోగుతుంటే, గ్యాలరీలో కూర్చుని రాశాను. ఎక్స్ అంటే సండాస్ లైన్లో డబ్బా అని మొదలుపెట్టాను. డబ్బా మనిషి కాదు, మనిషి బదులు నిలబడుతుంది. ఎవరిదో తెలియకపోయినా లైన్ ఆగదు, తెలిసినట్టే ముందుకు జరుపుతాం. తలుపు దగ్గర అసలు మనిషి తేలుతాడు. ఒక డబ్బాకు ఒకరే. నలుగురు వస్తే అది లెక్క కాదు, మోసం. మోసం అన్నచోట కలం కొంచెం ఆగింది. కానీ వాక్యం బాగుంది, ఉంచేశాను.

సార్ దాన్ని క్లాసులో పైకి చదివి, కళ్ళద్దాలు తీసి కన్నీళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. తెలిసినట్టే ముందుకు జరుపుతాం అన్నది మాత్రం నవ్వకుండా ఇంకోసారి చదివాడు. "ఇదేనమ్మా బీజగణితమంటే" అన్నాడు. నా కాళ్ళు భూమ్మీద లేవు. పక్క ఖోలీ పిల్లాడు మాత్రం ఈసారి నవ్వకుండా శ్రద్ధగా విన్నాడు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

మేం ఇల్లు చేరిన కాసేపటికే వాళ్ళమ్మ గ్యాలరీ మధ్యలో నిలబడింది. "అందరు ఇనుండ్రి! మోసమని నేనంటలే. ఆల్ల బిడ్డనే రాసింది. సారు మార్కులు గూడ ఏసిండు!"

ఇక మా ఇంట్లో చూడాలి. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నాడు అన్న. తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. "సదువుకొమ్మని పంపితే ఇంటి నంబరే పోగొట్టినవ్" అన్నాడు నాయిన. నాకు ఒళ్ళు మండింది. "మీరంత పోయినంక రోజు నన్ను ఎనకకు తరుముతరు! బడికి లేటైతది! అందుకే ఫెయిలైన!" అని అరిచి, అరుస్తూనే ఏడ్చేశాను. అవ్వ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఇంత మాట పడ్డాక ఆమె నా మొహం చూడదనే అనుకున్నాను.

ఆ ఏడు పాసయ్యాను, పదీ గట్టెక్కాను. కాజా కుట్టడం ఇప్పటికీ రాదు. అయితే నేను మరిచిపోలేనిది ఆ గొడవ మర్నాటి పొద్దు. నేను లేచేసరికి లైన్లో మా ఇంటివి ఎవరివి వాళ్ళకు పెట్టి ఉన్నాయి. తాతకు నీలం డబ్బా, నాయినకు రంగు డబ్బా, అన్నకు నూనె డబ్బా. వాటన్నిటికంటే ముందు ఒక కొత్త గులాబీ మగ్గు, దుకాణం వాడి ధర చీటీ ఇంకా ఊడదీయలేదు. అవ్వ దాని పక్కనే కాపలా కూర్చుని ఉంది.

పక్క ఖోలీ అత్త నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "ఇదెవరిది?"

"నా మనుమరాలిది" అంది అవ్వ. "ఈ మగ్గుకు అదొక్కతే, ఇంకెవ్వరు రారు."