కడుపుకు మంచి గోలీ

సిద్ధరాములు కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానాలో తువ్వాళ్లు నేసేవాడు. రెండు మరమగ్గాల మధ్య రోజంతా నిలబడే పని. పోగు తెగితే వంగాలి, నూలు చుట్టిన కండె అయిపోతే పరుగున మార్చాలి. నలభై దాటేసరికి మోకాళ్లు పట్టేశాయి. మెడికల్ షాపులో అడిగి నొప్పి గోలీలు తెచ్చుకునేవాడు. పరగడుపున చాయ్‌తో ఒకటి మింగి పనిలోకి దిగేవాడు. కడుపు మండితే ఇంత మజ్జిగ తాగేవాడు.

ఒక ఉదయం మగ్గం పక్కనే నెత్తురు కక్కుకున్నాడు. తోటివాళ్లు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. కడుపులో పుండు పడిందని, ఆ గోలీలే చేశాయని డాక్టరు చెప్పాడు.

పుండు మానింది. నొప్పి మాత్రం అలాగే ఉంది. గోలీ లేకపోతే మగ్గం ముందు నిలబడలేనని మొరపెట్టుకుంటే డాక్టరు వేరే రకం రాశాడు.

"ఇది కొత్త రకం. కడుపును అంత ఖరాబు చెయ్యది. కొన్ని దినాలే వాడు, మళ్ల వచ్చి చూపించుకో," అన్నాడు.

నిజంగానే మంట లేదు. సిద్ధరాములు మళ్లీ జొన్నరొట్టెలో పల్లీల కారం అద్దుకుని తిన్నాడు. బీడీలు చుడుతున్న భార్య ఎల్లమ్మ చేట పక్కన పెట్టి ఇంకో రొట్టె వేసింది. కడుపు ఊరుకున్నాక మళ్లీ డాక్టరు దగ్గరికి ఎందుకనుకున్నాడు. గోలీల ఖాళీ పట్టీ చూపిస్తే షాపువాడు ఇంకోటి ఇచ్చేవాడు. నొప్పి ఎక్కువైన రోజు రెండు మింగేవాడు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు అతను చెప్పులు తొడుక్కోలేక అవస్థ పడుతుంటే ఎల్లమ్మ చూసింది.

"ఏంది, కాళ్లు గిట్ల ఉబ్బినయి?"

"నిలబడి నిలబడి అట్లయితయి."

"మొకం గూడ ఉబ్బింది. నడువు, దవఖానకు పోదాం."

నెత్తురు పరీక్ష చేయించి డాక్టరు ఆ కాగితం చూశాడు. ఆ గోలీల వల్లే కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయన్నాడు.

"కడుపుకు మంచిదంటిరి గద సార్," అన్నాడు సిద్ధరాములు.

"కడుపుకే మంచిదన్న. ఇన్నేండ్లు మింగుతవనుకోలే. ఇంక నొప్పి గోలీ ఏదీ ముట్టొద్దు."

ఆటోలో ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచిగ తింటున్నవని మురిసిన," అంది.

"నేను గూడ మురిసిన."

గోలీ మానేశాక నిలబడటం అతని వల్ల కాలేదు. కార్ఖానా సేటు అతణ్ని కండెలు చుట్టే మూలలో కూర్చోబెట్టాడు. అక్కడందరూ ఆడవాళ్లే. మొదట్లో తల ఎత్తేవాడు కాదు. అతని మగ్గాలను దత్తాత్రి అనే అతనికి అప్పగించారు.

ఒక మధ్యాహ్నం ఆ మగ్గాల్లో ఒకటి టక్కున ఆగింది. పోగు తెగిందని సిద్ధరాములుకు తెలిసిపోయింది. గోడ పట్టుకుని లేవబోయాడు. మోకాళ్లు లేవనివ్వలేదు. పక్కనున్న ఆమె, "కూసో అన్నా, దత్తాత్రి చూస్తడు," అంది. అతను కూర్చుని, చేతిలోని కండె చుట్టడం మొదలుపెట్టాడు.