గోషెంగ్ చొక్కా మీద ఎర్రచుక్క

సరస్సు ఒడ్డున తామరదుంపలు నాటుకుని బతికే ఆ ఊళ్లో ఛిన్ హెయింగ్‌ను చూసి నవ్వనివాళ్లు తక్కువ. పొద్దు వాలకముందే తన ఇంటి పసిబట్టలే కాదు, ఎవరి దండెం మీద పిల్లల చొక్కా కనిపించినా లాగి వాళ్ల గుమ్మంలో పడేసి పోయేది. ఆమె మొదటి బిడ్డ ఏడు నెలలకే జ్వరంతో పోయింది. ముందురోజు సాయంత్రం పాప బట్టలు బయట మరిచిపోయింది కోడలేనని అత్త నలుగురిలో అంది. హెయింగ్ కాదనలేకపోయింది.

తొమ్మిది తలల పిట్టను అక్కడ చూసినవాళ్లు లేరు, విన్నవాళ్లే. మబ్బు పట్టినరోజు బండిచక్రం కిర్రుమన్నట్టు అరుస్తూ పోతుందట. దాని పదో తలను కుక్క కొరికేసిందట, అప్పట్నుంచి దానికి కుక్కంటే హడలట. ఆ మెడ నుంచి కారే నెత్తురు ఏ పసిబట్ట మీద పడితే ఆ బిడ్డ దక్కదు. అందుకే రెండోవాడు పుట్టగానే గోషెంగ్ అని పేరు పెట్టారు. కుక్క తినగా మిగిలినవాడని అర్థం.

వాడికి రెండో ఏడు నడుస్తోంది. భర్త కరకట్ట పనికి పొరుగు జిల్లా వెళ్లాడు. ఒక మధ్యాహ్నం హెయింగ్ నడుంలోతు బురదలో దుంపలు నాటుతుండగా ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. పరుగెత్తుకొచ్చి చూస్తే దండెం మీద గోషెంగ్ చొక్కా, దాని భుజం మీద తడి ఆరని ఎర్రచుక్క.

అత్త ఆ చొక్కాను కర్రతో ఎత్తి పొయ్యిలో వేసింది.

"తొమ్మిది రోజులు వాణ్ణి గడప దాటించకు. నీళ్ల మీదికి అసలే వద్దు. పడవలో ఉన్నోళ్లు దానికి ఇట్టే కనబడతారు."

తెల్లారేసరికి పిల్లాడి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మధ్యాహ్నానికి డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి సరస్సుకు అవతల. ఆకాశం నిన్నటికంటే నల్లగా ఉంది. హెయింగ్ గడప దగ్గరికి రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చింది. మూడోసారి బిడ్డను వీపున కట్టుకుని పక్కింటి లియావ్ ముసలాయన దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, నీ నల్లకుక్కను ఇస్తావా?"

"దేనికే, కూరొండుతావా?"

"పడవలో పక్కన కూర్చోబెట్టుకుంటా."

ముసలాయన నవ్వు ఆగిపోయింది. "నేను లేందే అది పడవెక్కదు. పద, తెడ్డు నేనేస్తా."

"ఒకదాన్ని పోగొట్టావు, చాల్లేదా?" ఒడ్డున అత్త అరుస్తూనే ఉంది.

నడిసరస్సులో గాలి పడిపోయింది. నెత్తిన ఎక్కడో కిర్రుమంది. తెడ్డేమో అనుకుంది హెయింగ్. చూస్తే తాత తెడ్డు ఆపేసి ఉన్నాడు. కుక్క మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పైకి చూసి ఒకటే మొరుగుడు.

"తలెత్తకు," అన్నాడు తాత గొంతు తగ్గించి.

ఆమె బిడ్డను ముందుకు తిప్పుకుని వాడి మీద బోర్లా వంగింది. నీళ్ల మీద ఏదో పెద్ద నీడ పడవను దాటిపోయింది. కుక్క మాత్రం ఒడ్డు చేరేదాకా మొరుగుతూనే ఉంది. తాను చూసిందేమిటో తాత ఆ రోజూ చెప్పలేదు, చనిపోయేలోపు ఎప్పుడూ చెప్పలేదు.

ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు డాక్టరు. ఇంకో పూట ఆలస్యమైతే చేయగలిగిందేమీ ఉండేది కాదన్నారు. నాలుగు రోజులు సూదులు పొడిచారు. హెయింగ్ కిటికీ మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. అయిదోరోజు వాడు కళ్లు తెరిచి గంజి అడిగాడు.

అదే రోజు గిన్నెలో తామరదుంపల పులుసు పట్టుకుని అత్త గుమ్మంలో నిలబడింది.

"పడవలో వచ్చారా అత్తయ్యా?"

"కాకపోతే ఈదుకుంటూ వస్తానా?" అంది ముసలమ్మ. మంచం అంచున కూర్చుని మనవడి పాదం పట్టుకుంది. "మీ ఆయన కంటే ముందు నాకొకడు పుట్టాడు. వాడూ ఇలాగే డొక్కలెగరేశాడు. గడప దాటొద్దంది మా అత్త. నేను దాటలేదు."

హెయింగ్ గోషెంగ్‌ను ఎత్తి అత్త ఒళ్లో పెట్టింది.

మర్నాడే ఇంటికి పంపుతామన్నారు డాక్టరు. మబ్బు పూర్తిగా విడిపోయేదాకా అత్తాకోడళ్లిద్దరూ ఇంకో రెండు రోజులు అక్కడే ఉండిపోయారు.